అపెండిక్స్‌లో జిగురు కణితి బయటపడితే పెద్ద పేగు తీయించుకోవాలా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. గుణుపురంలో ఉంటున్న మీ అన్నయ్యకు 46 ఏళ్లు. ఇరవైనాలుగు గంటల నొప్పి అని పర్లాకిమిడిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాపరోస్కోపీ ద్వారా అపెండిక్స్ తీశారు. ఆ తరువాత వచ్చిన బయాప్సీ రిపోర్టులో "లో గ్రేడ్ అపెండిషియల్ మ్యూసినస్ నియోప్లాజమ్", అంటే అపెండిక్స్‌లో తక్కువ తీవ్రత ఉన్న జిగురు కణితి, అని ఉంది. ఇది క్యాన్సరే కనుక కుడివైపు పెద్ద పేగు తీసేయాలని ఒక వైద్యుడు, గడ్డ ఎలాగూ బయటికి వచ్చేసింది కనుక ఇక మరిచిపొమ్మని మరొక వైద్యుడు చెప్పారు. ఎవరి మాట వినాలో, ఆపరేషన్ ఖర్చు కోసం పొలం అమ్మకానికి పెట్టాలో వద్దో తేలక అడిగారు.

ముందుగా జవాబు. మీ అన్నయ్యకు వచ్చిన ఈ రకం కణితి అపెండిక్స్ లోపలే ఉండిపోయి, గోడ చిట్లకుండా, మొదలు దగ్గర కోసిన అంచు శుభ్రంగా ఉంటే, జరిగిన ఆపరేషనే పూర్తి చికిత్స. పెద్ద పేగు తీయవలసిన అవసరం లేదు. అయితే మీరు పెట్టిన రిపోర్టులో కణితి పేరు, పొడవు 5 సెంటీమీటర్లు అన్న కొలత తప్ప, అంచు గురించి గానీ, అపెండిక్స్ వెలుపల జిగురు ఉన్నదీ లేనిదీ గానీ ఒక్క వాక్యం కూడా లేదు. ఆ రెండు సంగతులు తేలనంతవరకు "తీసేయాలి" అన్న మాటకూ ఆధారం లేదు, "మరిచిపోండి" అన్న మాటకూ ఆధారం లేదు. కాబట్టి ఈ వారం చేయవలసిన పని రెండో ఆపరేషన్‌కు తేదీ తీసుకోవడం కాదు. ఆ రెండు సంగతులను బయాప్సీ పరీక్షించిన వైద్యుడి, అంటే పాథాలజిస్టు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. పొలం మాట ప్రస్తుతానికి ఎత్తకండి.

నేను రాయగడలోనూ, తరువాత బరంపురంలోనూ దీర్ఘకాలం శస్త్రచికిత్సలు చేసినవాణ్ణి. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ప్రాంతంలో ఇలాంటి రిపోర్టు చేతికి వచ్చిన కుటుంబాలు రెండు రకాల పొరపాట్లు చేయడం చూశాను. క్యాన్సర్ అన్న మాట వినగానే విశాఖ రైలెక్కి మరుసటి వారమే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవారు కొందరు. ఒంట్లో బాధ ఏమీ లేదు కదా అని కాగితాన్ని బీరువాలో పెట్టి, నాలుగైదు ఏళ్ల తరువాత ఉబ్బిన పొట్టతో వచ్చినవారు కొందరు. ఇద్దరికీ జరిగిన నష్టానికి మూలం ఒకటే: అపెండిక్స్ క్యాన్సర్ అనేది ఒకే జబ్బు అనుకోవడం. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

అపెండిక్స్ నొప్పికి చేసే ఆపరేషన్లలో సుమారు నూటికి ఒకరికి, తీసిన ముక్కలో ఏదో ఒక కణితి కనబడుతుంది. చాలా సందర్భాల్లో ఆపరేషన్‌కు ముందు అది ఎవరికీ తెలియదు, రోగి వచ్చేది మామూలు నొప్పితోనే. ఈ కణితులు ప్రధానంగా నాలుగు జాతులు. మొదటిది మీ అన్నయ్యకు వచ్చిన జిగురు కణితి. రెండోది హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, దీనినే పాత రిపోర్టుల్లో కార్సినాయిడ్ అని రాసేవారు. మూడోది పెద్ద పేగు క్యాన్సర్‌ను పోలిన అడినోకార్సినోమా. నాలుగోది గాబ్లెట్ సెల్ అడినోకార్సినోమా. ఇవి వ్యాపించే దారులు వేరు, అందుకే చేయవలసిన ఆపరేషన్లు కూడా వేరు. ఒకదానికి సరైన ఆపరేషన్ మరొకదానికి అనవసరమైన గాయం అవుతుంది.

మీ అన్నయ్య విషయానికే ముందు వస్తాను. ఈ లో గ్రేడ్ కణితిలోని కణాలు జిగురును స్రవిస్తాయి. అపెండిక్స్ గొట్టం నోరు మూసుకుపోతే ఆ జిగురు లోపలే పేరుకుని గొట్టం ఉబ్బుతుంది. ఇలా ఉబ్బిన అపెండిక్స్‌ను 1842లోనే వియన్నా పాథాలజిస్టు రొకిటాన్‌స్కీ వర్ణించాడు. ఈ కణాలు గోడను తొలుచుకుని లింఫ్ గ్రంథులకో, రక్తం ద్వారా కాలేయానికో వెళ్లడం అత్యంత అరుదు. వీటి వల్ల వచ్చే ప్రమాదం మరో దారిలో ఉంటుంది. ఒత్తిడికి గోడ పలచబడి చిట్లితే, జిగురూ దానితోపాటు కణాలూ పొట్టలోకి జారి, పేగులపై పరుచుకున్న పొర మీద అక్కడక్కడా అంటుకుని, ఏళ్ల తరబడి మెల్లగా జిగురును తయారుచేస్తూ ఉంటాయి. నానబెట్టిన సబ్జా గింజల్లా వణికే ఆ పదార్థంతో పొట్ట నిండిపోయే స్థితిని సూడోమిక్సోమా పెరిటోనియై అంటారు. ఆ పేరు 1884లో వెర్త్ అనే జర్మన్ వైద్యుడు పెట్టినది.

ఇది తెలిస్తే పెద్ద పేగు ఎందుకు తీయనక్కరలేదో మీకే అర్థమవుతుంది. కుడివైపు పెద్ద పేగు తీసే ఆపరేషన్, అంటే రైట్ హెమికోలెక్టమీ, ప్రధానంగా లింఫ్ గ్రంథుల కోసం చేస్తారు. చిన్న పేగు చివరి భాగాన్నీ, అపెండిక్స్ అంటుకుని ఉండే పెద్ద పేగు మొదటి భాగమైన సీకమ్‌నూ, పైకి వెళ్లే పెద్ద పేగునూ, వాటికి రక్తం తెచ్చే ఇలియోకోలిక్ నాళాన్ని మొదట్లోనే కట్టి, ఆ నాళం వెంబడి ఉన్న గ్రంథులతో సహా తీస్తారు. లింఫ్ గ్రంథులకు పోని కణితికి ఈ ఆపరేషన్ వల్ల కలిసివచ్చేది ఏమీ ఉండదు. పోగొట్టుకునేది మాత్రం ఉంటుంది. పేగు కలిపిన చోట కుట్టు లీకయ్యే ప్రమాదం ఒకటి. చిన్న పేగు చివరి భాగం పోవడం వల్ల కొందరికి దీర్ఘకాలం పలచటి విరేచనాలు, ఎక్కువ పొడవు తీసినప్పుడు విటమిన్ బి12 లోపం. వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి ఉంది. ఒకవేళ పొట్టలోకి కొన్ని కణాలు అప్పటికే జారి ఉంటే, అనవసరంగా పేగును వెనుక గోడ నుంచి విడదీసిన చోట ఆ కణాలు లోతుగా చేరి పాతుకుంటాయి, తరువాత నిజంగా అవసరమైన ఆపరేషన్ చేసేవారికి ఆ చోటు శుభ్రం చేయడం చాలా కష్టమవుతుంది.

ఇప్పుడు రిపోర్టులో లేని ఆ రెండు సంగతుల గురించి.

మొదటిది అంచు. అపెండిక్స్‌ను సీకమ్ దగ్గర కోసినచోట కణితి కణాలు ఉన్నాయా, లేవా? లేవని వస్తే ఆ మాట అక్కడితో ముగిసింది. ఉన్నాయని వచ్చినా భయపడి పెద్ద పేగు మొత్తం తీయించనక్కరలేదు, సీకమ్‌లో ఆ మొదలు చుట్టూ ఉన్న చిన్న భాగాన్ని స్టేప్లర్‌తో తీయడం సాధారణంగా సరిపోతుంది. అంచులో కొద్దిపాటి కణాలు ఉండి కూడా మళ్లీ ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ వచ్చిన రోగుల్లో కణితి తిరగబెట్టడం అరుదేనని ప్రచురితమైన పరిశీలనలు ఉన్నాయి, కనుక కొందరు నిపుణులు స్కానింగులతో కనిపెట్టి ఉండడానికే మొగ్గుతారు. నేను మాత్రం మీ అన్నయ్య వయసులో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి, అంచులో కణాలు స్పష్టంగా ఉన్నాయని తేలితే ఆ చిన్న భాగం తీయించడం మంచిదనే వైపు ఉంటాను. ఇది లాపరోస్కోపీతో ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లగలిగే ఆపరేషన్.

రెండోది మరింత ముఖ్యం. అపెండిక్స్ పైపొర మీద, లేదా దాని వెలుపల, జిగురు ఉందా? ఉంటే ఆ జిగురులో కణాలు ఉన్నాయా, లేక వట్టి జిగురేనా? వట్టి జిగురు అపెండిక్స్ చుట్టుపక్కలే ఉండి, దాన్ని పూర్తిగా తుడిచి తీసేసి ఉంటే, తిరగబెట్టే అవకాశం చాలా తక్కువ. కణాలతో కూడిన జిగురు అయితే ఆ అవకాశం చెప్పుకోదగినంత పెరుగుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి పాథాలజిస్టు అపెండిక్స్‌లో రెండు మూడు ముక్కలు మాత్రమే కాక, మొత్తాన్నీ కోసి చూడాలి. మన దగ్గర మామూలు అపెండిక్స్‌కు కొన, నడుమ, మొదలు నుంచి ఒక్కొక్క ముక్క తీసి చూడడం పరిపాటి. మామూలు వాపుకు అది చాలు గానీ, జిగురు కణితికి చాలదు. కాబట్టి మిగిలిన భాగం సీసాలో ఇంకా ఉంటే దాన్ని కూడా మొత్తం పరీక్షించమని అడగండి. ల్యాబులు మిగిలిన ముక్కలను కొంతకాలమే ఉంచి పారేస్తాయి కనుక ఈ పని ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్ చేసిన వైద్యుడిని కూడా ఒక ప్రశ్న అడగండి: లోపల చూసినప్పుడు గొట్టం చిట్లి ఉందా, తీసేటప్పుడు చిట్లిందా, సంచిలో పెట్టి బయటికి తెచ్చారా? నిందించే ధోరణిలో అడగవద్దు. ఆయన రాసిన ఆపరేషన్ నోట్సు, వీడియో ఉంటే ఆ వీడియో, తరువాత చూసే నిపుణుడికి బయాప్సీ అంత విలువైనవి. కాలేయం పైన, పొత్తికడుపులో, పేగుల ముందు వేలాడే కొవ్వు పొర అయిన ఒమెంటమ్ మీద జిగురు కనబడలేదని ఆయన నిశ్చయంగా చెప్పగలిగితే అది మీకు పెద్ద ఊరట.

రెండో రిపోర్టులో కొన్ని అక్షరాలు చూసి బెంబేలు పడకుండా ముందే చెబుతున్నాను. ఈ కణితికి వాడే దశల పద్ధతి కొంచెం విచిత్రంగా ఉంటుంది. గోడ కండరం దాకా పరిమితమైన దాన్ని "టిఐఎస్" అంటారు, ఇందులో టి1, టి2 అనేవి లేవు. పైపొర మీదికి జిగురు వస్తే "టి4ఎ" అని రాస్తారు. పొట్టలో మరోచోట కణాలు లేని వట్టి జిగురు కనబడినా "ఎం1ఎ" అని, నాలుగో దశ అని రాయవలసి వస్తుంది. పెద్ద పేగు క్యాన్సర్‌లో నాలుగో దశ అంటే ఏమిటో విన్నవారు దీన్ని చూసి ఆశ వదులుకుంటారు. రాయగడ వైపు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు ఆ "ఎం1ఎ" అన్న మాట ఇంటర్నెట్‌లో వెతికి, పిల్లలకు వీలునామా సంగతి మాట్లాడిన తరువాత నా దగ్గరకు వచ్చారు. ఆమెకు ఉన్నది అపెండిక్స్ పక్కన కొద్దిపాటి కణరహితమైన జిగురు మాత్రమే, అదీ మొదటి ఆపరేషన్‌లోనే పూర్తిగా తీసేశారు. ఏటా స్కానింగు చేయించుకుంటూ ఈనాటికీ బడికి వెళుతున్నారు.

ఇక జిగురు నిజంగా పొట్టలో వ్యాపించి ఉంటే ఏం చేయాలి? అప్పుడు దగ్గరలోని ఆసుపత్రిలో "ఉన్నంతవరకు తీద్దాం" అన్న ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. ఈ మాట మీకే కాదు, ఇది చదివే అందరికీ గట్టిగా చెబుతున్నాను. పొట్ట తెరిచి జిగురు తోడి మూసేస్తే కొన్నాళ్లకు మళ్లీ నిండుతుంది, ప్రతిసారీ పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి తరువాతి ఆపరేషన్ మరింత ప్రమాదకరం అవుతుంది. సూదితో నీరు తీయడం కూడా పనిచేయదు, చిక్కటి జిగురు సూదిలోకి రాదు. దీనికి సరైన చికిత్స ఒకే పెద్ద ఆపరేషన్‌గా, దానికోసమే తర్ఫీదు పొందిన బృందం చేయాలి. అమెరికాలో పాల్ షుగర్‌బేకర్ అనే శస్త్రవైద్యుడు రూపుదిద్దిన పద్ధతి ఇది. ఉదర పొరలను భాగాలవారీగా ఒలిచే విధానాన్ని ఆయన 1995లో ప్రచురించాడు.

ఆ ఆపరేషన్ స్థూలంగా ఇలా సాగుతుంది. పొట్టను పై నుంచి కింది వరకు తెరిచి, పొట్టనూ చిన్న పేగునూ కలిపి 13 భాగాలుగా లెక్కవేసి, ఒక్కో భాగానికి జబ్బు పరిమాణాన్ని బట్టి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం గరిష్ఠం 39. ఆ అంకె ఎంత పెద్దదైతే పని అంత కష్టం. తరువాత ఒమెంటమ్‌ను, జబ్బు అంటుకున్న పొరలను, అవసరమైతే ప్లీహం, పిత్తాశయం, పేగులో కొంత భాగం, స్త్రీలలో అండాశయాలు, గర్భాశయం తీస్తారు. కంటికి కనబడే జబ్బు ఏదీ మిగలకూడదు, మిగిలినా రెండున్నర మిల్లీమీటర్లకు మించకూడదు. ఎందుకంటే ఆ తరువాత పొట్టలో తిప్పే వేడి కీమో మందు కణజాలంలోకి కొద్ది మిల్లీమీటర్ల లోతు మాత్రమే ఇంకుతుంది. ఎక్కువగా మైటోమైసిన్ అనే మందును 41 నుంచి 43 డిగ్రీల వేడిలో, గంట నుంచి గంటన్నరసేపు తిప్పుతారు. అంతా కలిపి ఒక పగలు పూర్తిగా పట్టే ఆపరేషన్. ఐసీయూలో ఉండడం, ఇన్ఫెక్షన్, పేగు కుట్టు లీకవడం, రక్తకణాలు తగ్గడం లాంటి సమస్యలు చాలామందికి ఏదో ఒక మేరకు వస్తాయి. ప్లీహం తీసినవారికి న్యుమోకాకస్ వంటి టీకాలు తప్పనిసరి.

అంత పెద్ద ఆపరేషన్ తట్టుకుంటే ఫలితం ఏమిటి అన్నదానికి మంచి ఆధారమే ఉంది. 2012లో వివిధ దేశాల్లోని 16 ప్రత్యేక కేంద్రాల నుంచి 2,298 మంది రోగుల వివరాలను కలిపి ప్రచురించారు. చికిత్స తరువాత సగంమందికి పైగా 16 ఏళ్లు దాటి బతికారు, పదేళ్లు బతికినవారు 63 శాతం. కణాల స్వభావం తీవ్రంగా ఉన్నవారికి, పూర్తిగా తీయడం సాధ్యం కానివారికి ఫలితాలు ఇంత బాగా లేవు. ఆ ప్రత్యేక కేంద్రాల ఫలితం ఏడాదికి ఒకటి రెండు ఇలాంటి ఆపరేషన్లు చేసే చోట వస్తుందని అనుకోకూడదు. అందుకే ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఇలాంటివి మీ బృందం ఎంత తరచుగా చేస్తుందని అడగడానికి మొహమాటపడకండి. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

మిగిలిన జాతుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నను వెతుక్కుంటూ వచ్చేవారిలో ఎక్కువమంది రిపోర్టులో ఉండేది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. పదింట ఏడు సందర్భాల్లో ఇది అపెండిక్స్ కొనలోనే ఉంటుంది, అంటే కోసిన అంచుకు దూరంగా. ఒక సెంటీమీటరు లోపు ఉండి, పూర్తిగా తీసేసి ఉంటే చికిత్స అక్కడితో పూర్తయింది. కీమో అక్కరలేదు, ఏటేటా స్కానింగులు కూడా అక్కరలేదు. రెండు సెంటీమీటర్లు దాటితే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువ కనుక కుడివైపు పెద్ద పేగు తీయాలనేది స్థిరపడిన పద్ధతి. ఈ రెండింటి నడుమ ఉన్నవాటి మీదే వాదమంతా. కణితి పక్కనున్న కొవ్వు పొరలోకి మూడు మిల్లీమీటర్లకు మించి చొచ్చుకుపోయిందా, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చూపే కేఐ-67 కొలత మూడు శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉందా, రక్తనాళాల్లో కణాలు కనబడ్డాయా, కణితి మొదట్లో ఉందా అన్నవి చూసి, ఇదివరకు చాలామందికి పేగు తీసేవారు. 2023లో ఐరోపా దేశాల ఆసుపత్రుల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల మధ్య కణితి ఉన్న 278 మంది వివరాలు దీర్ఘకాలం పరిశీలించి ప్రచురించారు. పేగు తీసినవారిలో సుమారు ఐదో వంతు మందికి గ్రంథుల్లో జబ్బు కనబడింది. అయినా పేగు తీయనివారు తీసినవారితో సమానంగానే బతికారు. ఆ కణితి వల్ల చనిపోయినవారు రెండు వర్గాల్లోనూ లేరు. అప్పటి నుంచి ఈ కొలతలో, పూర్తిగా తీసేసిన కణితికి, పేగు తీయించవద్దనే నేనూ చెబుతున్నాను. అంచులో కణితి మిగిలితే మాత్రం ఆ మాట వర్తించదు.

గజపతి జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి విషయం ఇక్కడ రాయాలి. ఇరవై ఏళ్లు నిండలేదు, పెళ్లి కుదిరింది. అపెండిక్స్ కొనలో సెంటీమీటరు కంటే చిన్న కార్సినాయిడ్ కనబడింది. క్యాన్సర్ అన్న మాట ఊళ్లో పాకి సంబంధం ఊగిసలాడింది. తండ్రి ఆ పిల్లకు పెద్ద ఆపరేషన్ చేయించి "పూర్తిగా నయమైంది" అన్న కాగితం తెచ్చుకోవాలని పట్టుపట్టారు. పిల్ల ఇప్పటికే నయమైంది, ఇక చేసే ఆపరేషన్ వల్ల కోత మచ్చ తప్ప మరేమీ రాదని ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. వైద్యులు ఇలాంటి రిపోర్టు ఇచ్చేటప్పుడు ఆ మాట ఇంట్లో ఎంత దూరం వెళుతుందో తలచుకుని, అక్కడే పది నిమిషాలు వివరించాలని నేను గట్టిగా నమ్ముతాను.

అడినోకార్సినోమా, గాబ్లెట్ సెల్ రకాలకు మాత్రం పైన చెప్పిన ఓదార్పు వర్తించదు. ఇవి లింఫ్ గ్రంథులకు పోతాయి. అపెండిక్స్ మాత్రమే తీసి ఊరుకోవడం ఇక్కడ పొరపాటు. పొట్టలో వ్యాపించలేదని స్కానింగులో నిర్ధారించుకుని, కొన్ని వారాల్లోనే రైట్ హెమికోలెక్టమీ చేయించాలి, కనీసం 12 గ్రంథులైనా పరీక్షకు అందాలి. గ్రంథుల్లో జబ్బు ఉంటే ఆక్సాలిప్లాటిన్ కలిసిన కీమో ఇస్తారు. గాబ్లెట్ సెల్ రకాన్ని పాత పుస్తకాల్లో కార్సినాయిడ్‌లలో చేర్చేవారు. 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అది అడినోకార్సినోమాగానే ఉంది. కనుక ఇంకా పాత పేరుతో రిపోర్టు వచ్చి, కార్సినాయిడ్ కదా ఫరవాలేదని ఎవరైనా అంటే, స్లయిడ్లు మరో పాథాలజిస్టుకు చూపించండి.

మరో మాట, నలభై దాటినవారి గురించి. మునిగుడ వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు అపెండిక్స్ పగిలి కుడి పొత్తికడుపులో గడ్డ కట్టింది. యాంటీబయాటిక్స్‌తో తగ్గింది, నొప్పి పోయింది. ఇక ఆపరేషన్ ఎందుకని ఇంటివారి వాదన. ఫిన్లాండులో సరిగ్గా ఈ ప్రశ్న మీదే జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా గడ్డ కట్టి మందులతో తగ్గినవారిలో ఐదింట ఒకరికి అపెండిక్స్‌లో కణితి తేలింది. కణితి ఉన్నవారంతా నలభై దాటినవారే. ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేసి, ఆపరేషన్ చేయనివారికి కూడా చేయమని సూచించారు. ఈ రైతుకు నచ్చజెప్పి, కొన్ని వారాల తరువాత అపెండిక్స్ తీస్తే అందులో అడినోకార్సినోమా ఉంది. తరువాత పెద్ద పేగు కూడా తీశాం, గ్రంథులు శుభ్రంగా వచ్చాయి. నలభై దాటినవారికి గడ్డ తగ్గాక స్కానింగు, కొలనోస్కోపీ, ఆపైన అపెండిక్స్ తొలగింపు, ఈ మూడూ చేయించడం మంచిదని అప్పుడూ చెప్పాను, ఇప్పటికీ చెబుతాను.

ఇక్కడే మన ప్రాంతపు శస్త్రవైద్య మిత్రులకు ఒక విన్నపం. తీసిన అపెండిక్స్‌ను స్టీలు గిన్నెలో బంధువులకు చూపించి పారేయడం కొన్ని చోట్ల ఇంకా ఉంది. తీసిన ప్రతి అపెండిక్స్ పాథాలజీకి వెళ్లాలి, బయటికి మామూలుగా కనబడినా సరే. ఆపరేషన్ మధ్యలో అపెండిక్స్ గొట్టం బెలూనులా ఉబ్బి కనబడితే దాన్ని పట్టుకారుతో నేరుగా పట్టకుండా, పక్కనున్న కొవ్వును పట్టుకుని, చిట్లకుండా సంచిలో పెట్టి తీయాలి. లాపరోస్కోపీలో అది సాధ్యం కాదనిపిస్తే పొట్ట తెరవడానికి వెనుకాడకూడదు. కొన్ని సెంటీమీటర్ల కోత మచ్చ కంటే చిట్లని అపెండిక్స్ రోగికి ఎంతో మేలు. చుట్టుపక్కల జిగురు ఉంటే దాన్ని తీసి విడిగా సీసాలో పంపి, నాలుగు మూలలూ చూసి నోట్సులో రాసి, అంతకు మించి ఏమీ తీయకుండా మూసేయడం ఉత్తమం. స్త్రీలకు అండాశయంలో జిగురు కణితి అని ఆపరేషన్ చేస్తున్న గైనకాలజిస్టులు కూడా ఒకసారి అపెండిక్స్ వైపు చూడాలి, కొన్నిసార్లు మూలం అక్కడే ఉంటుంది.

మీ అన్నయ్యకు ఇప్పుడు చేయించవలసిన పరీక్షలు ఎక్కువేమీ లేవు. మందు ఎక్కించి తీసే ఛాతీ, పొట్ట, పొత్తికడుపు సీటీ స్కాన్ ఒకటి. రక్తంలో సీఈఏ, సీఏ 19-9, సీఏ 125 అనే మూడు గుర్తులు. మామూలుగా ఉన్నా వాటి విలువలు దాచుకోండి, రేపు పోల్చుకోవడానికి పనికివస్తాయి. ఇలాంటివారిలో పెద్ద పేగులో కూడా మరో కణితి ఉండే అవకాశం కొంత ఉంది కనుక కొలనోస్కోపీ ఒకసారి చేయించాలి, ఇది పాత గాయం మానాక చేయవచ్చు. రిపోర్టు శుభ్రంగా వస్తే, నేనైతే ఏటా ఒకసారి స్కానింగు, రక్తపరీక్ష చొప్పున ఐదేళ్లు చూస్తాను. పూర్తిగా లోపలే ఉన్న కణితికి అంత కూడా అవసరం లేదనే నిపుణులు ఉన్నారు. కాని జిగురు జబ్బు ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పెరిగేది కనుక ఈ కొద్దిపాటి ఖర్చు వృథా కాదని నా అభిప్రాయం. కీమో మాత్రలు, ఇంజక్షన్లు ఈ రకానికి పనికిరావు. ఎవరైనా సూచిస్తే ఎందుకని అడగండి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ రెండో ప్రశ్న. గుణుపురం నుంచి విశాఖకు నేరుగా రైలు ఉంది కనుక టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు అందుబాటులో ఉన్నది, అక్కడ మాట కూడా తెలుగులోనే సాగుతుంది. ఒడిశా వైపైతే కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్ ఉన్నాయి. ముందు స్లయిడ్లు చూపించి అభిప్రాయం తీసుకోవడానికే వెళ్లండి, ఆపరేషన్‌కు సిద్ధమై వెళ్లకండి. మీరు ఒడిశా నివాసులు కనుక ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) మీకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే రాష్ట్రం దాటినా ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. అయితే చేయవలసిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే కౌంటరులో అడిగి తేల్చుకోండి.

బయలుదేరేముందు ల్యాబు నుంచి స్లయిడ్లతోపాటు, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. రశీదు మీద సంతకం చేయమంటారు, చేయండి. ఎండలో నిలిపిన కారులోనో, బైకు డిక్కీలోనో వాటిని ఉంచవద్దు, మైనం కరిగితే ముక్క పాడవుతుంది. ఒక చిన్న డబ్బాలో దూది చుట్టి చేతి సంచిలో పెట్టుకుంటే చాలు. ఈలోగా మీ అన్నయ్య మామూలుగా తిని, మామూలుగా పని చేసుకోవచ్చు, పథ్యం ఏమీ లేదు. జ్వరం, కోత దగ్గర చీము, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం వస్తే మాత్రం ఆపరేషన్ చేసిన వైద్యుడికే అదే రోజు చూపించండి. పాథాలజిస్టు ఇచ్చే రెండో కాగితంలో అంచు గురించి, వెలుపలి జిగురు గురించి రాసిన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా, పేరు కనబడకుండా, ఇక్కడే పెట్టండి. చూసి తరువాతి మెట్టు చెబుతాను.